పీర్ల లెక్కన ఐదేండ్లు

మా చిన్న బిడ్డకు ఆ రోజుల్లో మూడు వయసులు ఉండేవి. బస్సెక్కితే నాలుగు. బడి పుస్తకంలో ఐదు దాటి ఆరు నడుస్తోంది. మూడోది నా వేళ్ళ మీద ఉండేది. పీర్లను సాగనంపిన మూడోనాడు పుట్టింది కాబట్టి, ఆ తర్వాత పీర్లు లేచిన ప్రతి ఏడూ ఒక వేలు మడిచేదాన్ని. బస్సు వయసు, బడి వయసు అబద్ధాలని నాకు తెలుసు. వేళ్ళ మీదిది నిజమని నమ్మేదాన్ని.

ఇది రెండువేల ఆరు నాటి మాట. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఇప్పుడు నా చేత్తోనే రాస్తున్నాను. నలభై దాటాక ఆ బిడ్డే నాకు పలక పట్టించింది. ఇన్నేళ్ళయినా ఆ నెల గుర్తుకొస్తే కాలు ఒకచోట నిలవదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను.

మాది గద్వాల, నేతపని. ఇంట్లో గుంట మగ్గం. నా పెనిమిటి నేస్తుంటే, చీర నడుమ నూలును అంచు పట్టుతో కలిపేచోట రెండో మనిషి చేయి కావాలి. ఆ చేయి నాది. అత్త కండెలు చుట్టేది. పెద్దపిల్ల బడికి పోయేది. చిన్నది మగ్గం చుట్టూ తిరుగుతూ, చేతికందిన దారమల్లా లాగేది. తిట్టినా, బెల్లం ముక్క పెట్టినా ఆగేది కాదు. అందుకే ముందటి జూన్‌లో దాన్ని కూడా బడిలో వేశాం.

బడిలో చేర్చుకోవాలంటే ఐదు నిండాలి. పుట్టిన కాగితం మా వాడలో ఎవరి దగ్గరా ఉండదు. తల మీదుగా కుడిచేయి వేసి ఎడమచెవి పట్టుకోగలిగితే ఐదు నిండినట్టు. మా దానికి చెవి అందదు. వారం రోజులు ఇంట్లో నేర్పించాను. తల కొంచెం పక్కకు వంచాలి, భుజం ఎత్తాలి, వేలి కొన తగిలితే చాలు. పెద్దసారు ముందు అది నేర్పినట్టే చేసింది. ఆయన నవ్వి, జూన్ నెల తేదీ ఒకటి రాసుకున్నారు. ఆ తరగతిలో పిల్లలందరూ జూన్‌లోనే పుట్టారు.

మరుసటి ఏడు చలి తగ్గే రోజుల్లో పీర్ల పండుగ వచ్చింది. నా ఐదో వేలు మడిచాను. బడిలో చెప్పిన అబద్ధానికి నిజం దగ్గరికి వచ్చేసిందని కొంచెం నిమ్మళించాను.

పది రోజులు కాకముందే వెనక సందులో ఒక పిల్లకు గొంతు నొప్పి అన్నారు. తర్వాత మెడ వాచిందన్నారు. గొంతులో తెల్లగా పొర కట్టిందని, ఊపిరి ఆడటం లేదని కర్నూలుకు తీసుకుపోయారు. మూడోనాడు ఆ తల్లిదండ్రులు ఉత్త చేతులతో బస్సు దిగారు. ఆ పిల్ల బడిలో మా దానితో ఒకే చాప మీద కూర్చునేది. ఒకే గ్లాసుతో నీళ్ళు తాగేవాళ్ళు.

ఆ రోజు నుంచి మా దాన్ని గడపలోకి, వెలుతురు పడేచోటికి లాక్కొచ్చి నోరు తెరిపించేదాన్ని. పొద్దున ఒకసారి, బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక రెండుసార్లు. అది ‘ఆ’ అని అని విసిగి, నన్ను చూడగానే ముందే నోరు తెరిచేది. మగ్గం దగ్గర నా చేయి తప్పుతోంది. అంచు దారం తెగితే నా పెనిమిటి ముడి వేసేవాడు. రెండోసారి తెగితే మగ్గం ఆపి నా వైపు చూసేవాడు.

బుధవారం నాడు ఆ గొంతు జబ్బు రాకుండా సూదులు వేయడానికి బడికి సిస్టరమ్మ వచ్చింది, మందుల ఐసు డబ్బా భుజానికి వేసుకుని. వాడలోని తల్లులంతా వరుస కట్టాం. ఆమె అందరినీ రెండే అడుగుతోంది. పిల్లకు ఎన్నేళ్ళు, కార్డు ఏది.

మా కార్డు సంగతి చెప్పాలి. చిన్నది మా పుట్టింట్లో పుట్టినప్పుడు అక్కడి సిస్టర్ ఇచ్చిన గట్టి అట్ట అది. నేతగాళ్ళ ఇంట్లో గట్టి అట్ట ఊరికే ఉండదు. అత్త దాన్ని నడిమికి కోసి, మిగులు పట్టు చుట్టి పెట్టుకుంది. వరుసలోకి పోయేముందు ఆ పట్టంతా విప్పాను. చేతిలో మిగిలింది బిడ్డను ఎత్తుకున్న తల్లి బొమ్మ. సూదుల గళ్ళు ఉన్న సగం ఎప్పుడో, ఏ దారం చుట్టుకునో ఇల్లు దాటిపోయింది. ఆ బొమ్మనే పట్టుకుపోయి చూపించాను. సిస్టరమ్మ అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చింది. బిడ్డ ఎడమ భుజం మీది మచ్చను తడిమి, ఇది పుట్టగానే వేసే సూది, మిగతావి తొడకు వేస్తాం, వాటికి మచ్చ ఉండదు, ఎన్ని పడ్డాయో ఒళ్ళు చూసి చెప్పలేం అంది.

వయసు అడిగితే ఐదు నిండాయన్నాను. బడి పుస్తకమూ అదే అంది. నా వేళ్ళూ అదే అన్నాయి. ఒక మాట నిజంగా చెప్పానన్న ధైర్యంతో నిలబడ్డాను.

ఐదు నిండి, కార్డు లేని పిల్లలకు నెల ఎడంతో రెండు సూదులట. ఐదు లోపలివాళ్ళకు మూడు, ఆ తర్వాత బలం కోసం ఇంకొకటి. నా ముందు నిలబడ్డ ఆమె చంకలో రెండేళ్ళ పిల్ల ఉంది. మూడు అనగానే ఆమె సిస్టరమ్మతో తగువుకు దిగింది.

"గింతంత పిల్లకు మూడేంది, గంత పెద్దదానికి రెండేంది? తిరకాసు లెక్క చెప్తున్నవు."

నాకూ అదే అనుమానం. జ్వరం మందు వయసు పెరిగినకొద్దీ ఎక్కువ పోస్తారు. అన్నం ఎక్కువ పెడతాం. సూదులు తగ్గడమేమిటి? సిస్టరమ్మకు కోపం రాలేదు. ఆ మాట రోజూ వినేదే అయి ఉంటుంది.

"చంటిదాని ఒంటికి ఒక్కమాటు చెప్తే యాది ఉండదక్కా. మళ్ళమళ్ళ చెప్పాలె. పెద్దగైన ఒళ్ళు రెండు మాట్లకే పడుతది."

అక్షరాలు నేర్చుకునేటప్పుడు ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాను. పెద్దగైన నాకు ‘క్ష’ ఎన్నిమాట్లు చెప్పినా పట్టలేదు.

మా దానికి మొదటి సూది వేసింది. ఇంకొకటి వచ్చే నెల అంది. చిన్నప్పటి సూదులన్నీ వేసినట్టు ఎక్కడైనా రాసి ఉంటే తీసుకురమ్మని, అప్పుడు ఆ రెండోది అక్కర్లేదని కూడా చెప్పింది. ఆ మాట నా తలలో దిగబడింది.

సాయంత్రానికి బిడ్డ చేయి వాచింది, ఒళ్ళు కాలింది. అత్తది రాయచూరు దిక్కు. కోపమొస్తే ఆ వైపు మాటలు దొర్లుతాయి. "సాకు, ఇంక సాకు" అంది, చాలు అని. ఇది కొత్త కాదు. బిడ్డ చంటిదిగా ఉన్నప్పుడు పుట్టింట్లో వేయించిన సూదికి తొడ గడ్డకట్టి రెండు రోజులు ఏడ్చింది. గద్వాలకు రాగానే అత్త సాకు అంది, నేను సరేనన్నాను. అత్త మీదే నెట్టడం న్యాయం కాదు. అప్పుడు పెళ్ళిళ్ళ కాలం. జ్వరం పిల్లను చంకలో వేసుకుని మగ్గం దగ్గర కూర్చోలేను. సాకు అన్న మాట నాకూ కలిసొచ్చింది.

అయితే అప్పటికే ఎన్ని పడ్డాయి? ఒకసారి పోయింది గుర్తుంది. రెండోసారి పోయినట్టూ ఉంది, పోయి సిస్టర్ లేక తిరిగొచ్చినట్టూ ఉంది. కండె చుట్టుకుంటూ తలుచుకుంటే రెండు అనిపించేది. బిడ్డ దగ్గితే ఒకటే అనిపించేది. అన్నీ పడ్డాయని ఎక్కడైనా రాసి ఉంటే ఈ రెండో సూది తప్పుతుంది, అత్త నోరు మూతపడుతుంది, నా గుండె కూడా కుదురుకుంటుంది. మా పుట్టింటి ఊళ్ళో సిస్టర్ల దగ్గర పెద్ద పుస్తకం ఉండేది. అందులో చూసుకొస్తానని పెనిమిటితో అన్నాను. రెండు రోజుల్లో రావాలన్నాడు.

కృష్ణ దాటి వనపర్తి, అక్కడ బస్సు మారి గోపాల్‌పేట, ఆ పైన నడక. కండక్టరు బిడ్డను చూసి ఎన్నేళ్ళన్నాడు. నాలుగు అన్నాను, ఎప్పటిలాగే కిటికీలోంచి బయటికి చూస్తూ.

మా అమ్మను మేము అవ్వ అంటాం. మర్నాడు పొద్దున అవ్వ నాతో సిస్టర్ గదికి వచ్చింది. కాన్పు నాటి సిస్టర్ నాగర్‌కర్నూల్ దిక్కు బదిలీ అయిపోయింది. కొత్తామె చిన్న వయసుది, నెమ్మదస్తురాలు. పాత పుస్తకాలు బీరువా కింది అరలోంచి లాగి, దుమ్ము దులిపి, ఏ నెలలో పుట్టిందని అడిగింది. పీర్ల పండుగ అయిన మూడోనాడన్నాను. పీర్లు మొన్ననే పోయిన నెలలో అయ్యాయి కదా, ఐదేళ్ళ కిందటి ఆ నెల తీసింది. వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ చూసింది. ముందు నెల చూసింది. మా బిడ్డ పేరు లేదు.

అక్కడ కూర్చోలేకపోయాను. లేచి తలుపు దాకా పోయి వచ్చాను. నా బిడ్డ కాళ్ళ దగ్గరే ఆడుకుంటోంది, పుస్తకంలో మాత్రం పుట్టనే లేదు. సూదులు రాయలేదంటే సరే, పుట్టుకే రాయకుండా ఎలా పోయింది? అవ్వ అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటోంది.

"ఉగాది అయినంక గదనే నీకు నొప్పులొచ్చింది" అంది. "యాపపూత పచ్చడి చేదని ఉమ్మేసినవు."

"పీర్లయినంక అవ్వా. సాగనంపిన మూడోనాడు."

"రెండూ అయినంకనే. ఆ యేడు ముందుగాల ఉగాది ఒచ్చె, ఎనక పీర్లొచ్చె."

"ఈ యేడు పీర్లు అయినయి గద మరి."

"ఉగాదేది? ఇంక పది దినాలున్నది."

నేను వేళ్ళ వైపు చూసుకున్నాను. సిస్టర్ నవ్వింది కానీ ఎగతాళిగా కాదు. పీర్ల పండుగ ఏటేటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని, ఐదేళ్ళకు దగ్గర దగ్గర రెండు నెలలు మింగేస్తుందని చెప్పింది. నాకు తెలియని సంగతి కాదు. పీర్లు ఎండల్లో లేవడం చూశాను, వానల్లో చూశాను, చలిలో చూశాను. మా వాడలో ఏళ్ళన్నీ అలాగే లెక్కపెట్టేవాళ్ళం. పండుగ జరుగుతుందని తెలుసు, దానితో పాటు బిడ్డ వయసు కూడా జరుగుతుందని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

సిస్టర్ ఏప్రిల్ నెల తీసింది. రెండో పేజీలోనే దొరికింది. నా పేరు, నా పెనిమిటి పేరు, ఆడపిల్ల అని చదివింది. ఇంకా ఐదు నిండలేదు. మూడు వారాలు తక్కువ. గద్వాలలో సూది వేసిన నాటికైతే ఇంకా ఎక్కువ రోజులే తక్కువ.

తర్వాత సూదుల వరుస చూపించింది. ఒక గడిలో గీత ఉంది. పక్కన రెండు గళ్ళు తెల్లగా ఉన్నాయి. నాకు చదువు రాకపోయినా ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీల పక్కన ‘అత్తగారింటికి పోయింది’ అని రాసి ఉందట. రెండోసారి పోయినట్టు నాకున్న గుర్తంతా నేను కల్పించుకున్నదే.

"చిన్నప్పుడు పడ్డది పోదక్కా" అంది సిస్టర్. "మొదలుకెళ్ళి మళ్ళ అక్కర్లేదు. కానీ ఇది రెండు లెక్క కాదు, మూడు లెక్క. మొన్నటిది రెండోది అనుకో. నెలకు ఒకటి, ఆర్నెల్లకు బలానికి ఒకటి."

అయినా ఒక్కమాట అడిగి రాస్తానని, పెద్ద డాక్టరు దగ్గరికి పోయి మధ్యాహ్నానికి వచ్చింది. ఆయనా అదే అన్నాడట. పుట్టిన తేదీ, పడ్డ సూది, పడాల్సినవి చీటీ మీద రాసి ఇచ్చింది. ఉన్న ఒక్క సూదినీ తప్పించుకుందామని వచ్చిన దాన్ని, రెండు పట్టుకుని పోతున్నాను.

ఊరి బయట దాకా సాగనంపుతూ అవ్వ గొంతు తగ్గించింది.

"ఆ చీటి నీ అత్తకు చూపకు. ఏట్ల పారెయ్యి. ఐదే అను, ఒక్కటి ఏపిచ్చుకో, అయిపోతది. బడిలకెళ్ళి తీసేస్తే దీన్ని పట్టుకొని నేస్తవా?"

అవ్వ అన్నది నా లోపల అప్పటికే తిరుగుతున్న మాటే. చీటీ చూపిస్తే, జూన్‌లో అబద్ధం చెప్పి చేర్పించిన సంగతి పెద్దసారు ముందు బయటపడుతుంది. పేరు కొట్టేస్తే మగ్గం దగ్గర నా చేయి మళ్ళీ కట్టుబడుతుంది. చీటీ చూపించకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్క సూదితో అందరూ సంతోషమే.

వనపర్తిలో బస్సెక్కాక కండక్టరు ఎన్నేళ్ళన్నాడు. నాలుగు అన్నాను. అది నిజమే. నిజం చెబుతూ కూడా కిటికీలోంచి బయటికే చూశాను. బిడ్డ నా ఒళ్ళో నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని. ఊపిరి శబ్దం వింటూ కూర్చున్నాను. ఒక మాటు చెప్తే యాది ఉండదన్న గద్వాల సిస్టరమ్మ మాటే చెవిలో మెదులుతోంది. ఈ ఒంటికి ఎన్నిమాట్లు చెప్పారు, అది ఎంత యాది పెట్టుకుంది, నాకెట్లా తెలుస్తుంది? వెనక సందులో ఆ పిల్లకు ఎన్ని గళ్ళు ఖాళీగా ఉండినాయో. వంతెన మీదికి వచ్చినప్పుడు కిటికీ అద్దం మూసేశాను. చీటీ రవికెలోనే ఉంది.

ఇంట్లో పెనిమిటికి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఒకటి తప్పిచ్చుకొస్తనని పోయి, ఇంకొకటి తెచ్చినవా?" అన్నాడు. కాసేపటికి, జర జల్దీ వేయించుకురా, పెండ్లి చీర మగ్గం మీద ఉంది అన్నాడు.  అత్త కండె గట్టిగా తిప్పింది.

సిస్టరమ్మ వచ్చే బుధవారం ఉగాది దాటాక పడింది. మళ్ళీ అదే వరుస, అవే తల్లులు. పెద్దసారు పిల్లల పేర్లు పిలుస్తూ పక్కనే నిలబడ్డారు. నేను అందరూ అయిపోయేదాకా వెనక ఆగుదామనుకున్నాను. ఆగితే ఇంటికి పారిపోతానని ముందుకే పోయాను. సిస్టరమ్మ చీటీ చదివి తల ఎత్తింది.

"ఐదు నిండినయంటివి గదక్కా."

"పీర్ల లెక్కన నిండినయి సిస్టరమ్మా. ఉగాది లెక్కన చూస్తే నిండలే."

పెద్దసారు ఆ చీటీ తీసుకుని కళ్ళద్దాల కింది నుంచి చూశారు. "నా లెక్కన ఆరు నడుస్తుందమ్మా. నేనేం రాసుకోవాలె?" అన్నారు.

వరుసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పేరు కొట్టేస్తారా అని ఆయన చేతిలోని కలం వైపే చూస్తున్నాను. ఆయన కొట్టెయ్యలేదు. జూన్‌లో దీన్ని రెండో తరగతికి పంపనని, ఒకటిలోనే మళ్ళీ కూర్చోబెడతానని చెప్పారు. తనతో చేరిన పిల్లలు ముందుకు పోతే ఇది కిందనే ఉంటుంది. పెద్దయ్యాక ఆ సంగతి ఎత్తి నన్ను ఒకటి రెండుసార్లు దెప్పింది కూడా. అప్పుడు మాత్రం సరే సార్ అన్నాను.

సిస్టరమ్మ సూది చేతిలో పట్టుకునే వరుస వైపు తిరిగింది. ఇంకెవరెవరు పీర్ల లెక్క చెప్పారని అడిగింది.  మా దానికి సూది దిగి, అది ఏడుపు అందుకున్నాక ఒక చేయి లేచింది. తర్వాత ఇంకో రెండు. నా వెనకే నిలబడ్డ ఆమె, మా ఇంటి ఎదురింటిదే, కిందికి చూస్తూ ఉండిపోయింది. ఆమె బిడ్డా మా బిడ్డా ఒకే పీర్లకు పుట్టారు. సాయంత్రం పోయి ఆమెతో మాట్లాడాను. మీ అత్తలెక్క మా అత్త ఊకోదు అని తలుపు దగ్గరికి వేసింది. మరోసారి పోయాను. తలుపు తీయలేదు.

ఆ సూదికి మళ్ళీ జ్వరం వచ్చింది. అత్త సాకు అంటూనే తడిగుడ్డ వేసి కూర్చుంది.

ఆర్నెల్లు లెక్కపెట్టడం నాకు పెద్ద పరేషాన్ అయింది. ఇక పండుగల మీద నమ్మకం లేదు. పెద్దసారు బడి క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టూ గీత గీశారు. నెలకోసారి పోయి, ఇంకా ఎంత ఉంది సార్ అని అడిగేదాన్ని. ఆయన పేజీలు తిప్పి చూపించేవారు. తేదీ వచ్చేసరికి దసరా సెలవులు, బడి మూసి ఉంది. దవాఖానకు పోయాను. మందు రాలేదన్నారు. వచ్చే బుధవారం పోతే సిస్టరమ్మ మరో ఊరి పని మీద పోయింది. మగ్గం ఆపి రెండుసార్లు ఉత్తగా తిరిగినందుకు పెనిమిటి మాట్లాడటం మానేశాడు. మధ్యలో ఒక పూట బిడ్డ గొంతు బొంగురుపోయింది. రోజంతా నోరు తెరిపిస్తూనే ఉన్నాను. ఐసు తిన్న గొంతు అది, మర్నాటికి బాగైంది.

మూడో బుధవారం సూది పడింది. సిస్టరమ్మ కొత్త కార్డులో రాసి, ఇప్పటికి అయిపోయినయి అంది. మళ్ళీ పదేళ్ళ వయసుకు ఒకటి ఉంటుందని, అది దూరమని చెప్పింది. మా దాని ముందే చెప్పింది.

దవాఖాన బయటికి వచ్చాక బిడ్డ నా కొంగు పట్టుకుని ఆగింది.

"ఇంకెన్ని ఉన్నయమ్మా?"

"లేవు. అయిపోయినయి."

"నిజంగనా?"

"నిజంగనే."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. గౌను చేతిని మోచేయి దాకా కిందికి లాక్కుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఆ చేయి తీయలేదు.